నా చేతి మీది నేస్తం పేరు

మొన్న మా మనవరాలు చేతి మీద సీతాకోకచిలుక బొమ్మ పొడిపించుకోవడానికి పలాస వెళ్తూ నన్నూ లాక్కెళ్లింది. దాని హడావుడి పెళ్లివారి హడావుడే. ముందు రోజు నుంచీ బిందెడు నీళ్లు తాగింది, పరగడుపున పోకూడదని పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తింది, నొప్పి తెలియకుండా ఏదో పూత రాసుకుని పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకుంది. చూస్తుంటే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నా పదహారో ఏట ఇవేవీ లేవు మరి.

మా వజ్రపుకొత్తూరు వైపు ఆడపిల్లలం నేస్తం కట్టుకునేవాళ్లం. అమ్మవారి ముందు తాంబూలాలు మార్చుకుంటే ఇక జన్మంతా నేస్తాలే. ఆ తర్వాత ఒకరి పేరు ఒకరు పలకకూడదు, నేస్తం అనే పిలుచుకోవాలి. నేనూ మా పక్కింటి పిల్లా అలాగే కట్టుకున్నాం. నోటితో పలకలేని పేరు ఒంటి మీదైనా ఉండాలి, ఒకరి పేరు ఒకరం పొడిపించుకుందాం అన్నది అదే. నేను ఎగిరి గంతేశాను, తెలివితక్కువదాన్ని.

టెక్కలి సంతలో ఉల్లిపాయల బస్తాల పక్కన పచ్చబొట్లు పొడిచే ముసలామె కూర్చునేది. నువ్వు ముందంటే నువ్వు ముందనుకుని చివరికి నేనే చెయ్యి చాపాను. మూడు సూదులు దారంతో కట్టి, దీపం మసి కలిపిన ఆకుపసరులో ముంచి ఆమె పొడుస్తుంటే నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేస్తం నా రెండో చెయ్యి పట్టుకుని, అయిపోయింది, అయిపోయింది అంటూనే ఉంది. నెత్తురు తుడిచి పసుపూ నూనే రాశాక దాని వంతు వచ్చింది.

"నానొల్లనే నేస్తం. వొచ్చే సంతకి పొడిపించుకుంతాను" అని లేచిపోయింది.

మూడు రోజులు జ్వరంతో మూలుగుతూ కూడా దాని మాట నమ్మాను. ఆ తర్వాత ఎన్ని సంతలు వచ్చాయో, ఎన్ని వెళ్లాయో.

పెళ్లయిన ఏడాదికి నేస్తం పుట్టింటికొచ్చింది. మాటల మధ్యలో గాజులు వెనక్కి తోసుకుంటే కనబడింది. ముంజేతి మీద మొగుడి పేరు, పొక్కులింకా రాలనేలేదు. నా పేరు అక్కడే రాయించుకుంటానని ఎన్నిసార్లు వేలు పెట్టి చూపించిందో ఆ చోటు!

"ఆయన అడిగినారు నేస్తం, కాదనలేకపోనాను" అంది.

"నువ్వడిగితే నాను కాదన్నానేటి?" అన్నాను.

అది గాజులు మళ్లీ ముందుకు లాక్కుంది. నేను మళ్లీ దాని గడప తొక్కలేదు.

పలాస కొట్లో పచ్చబొట్టు వేసే అతను నా చెయ్యి చూసి, ఆ పాత అక్షరాల మీద పువ్వు వేసి కప్పేస్తానన్నాడు, నొప్పి కూడా తెలియదట. మనవరాలు వంగి, మసకబారిన అక్షరాలు కూడబలుక్కుని ఆ పేరు పైకి చదివేసింది. "ఎవులు అమ్మమ్మా ఈవిడ?" అంది. పువ్వూ వద్దు, గివ్వూ వద్దని కొంగు లాగి చెయ్యి కప్పుకున్నాను.

ఏళ్లు గడిస్తే కోపం చల్లారుతుందంటారు. అబద్ధం, నాకు చల్లారలేదు. కానీ నలభై ఏళ్లు దాటినా, ఆ పేరు నేను ఇంతవరకూ నోటితో పలకలేదు.