గాలానికి దక్కని వానపాములు

వాకాడు దగ్గర కాలవలో గాలం వేసేవాళ్ళలో మా చిన్నపోలయ్యను మించినవాడు లేడు. అతను ముల్లుకు వానపామును గుచ్చాడని తెలిస్తే కొరమీనులు చెన్నపట్నం నుంచి బయల్దేరి వచ్చేవి. బడి ఎగ్గొట్టి ఆ గట్టునే కూర్చున్నవాణ్ణి, నాకు తెలియదా?

ఆ వానపాములన్నీ అతని భార్య అంకాలమ్మ వంగతోటలోవే. గుడిసె వెనక చిన్న నేల చెక్క. చేప తలకాయలు, పొలుసులు, రాలిన ఆకులు ఆమె ఏళ్ళ తరబడి వేస్తుంటే, వానపాములు వాటిని లోపలికి లాక్కుపోయి, మట్టితో కలిపి తిని, మెత్తటి గుళికలు చేసి పైకి పంపేవి. పిడికిట పడితే ఆ మట్టి సున్నిపిండిలా రాలేది. వేట లేని రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది పక్కనున్న కోట ఊరి సంతలో ఆమె అమ్మిన వంకాయలతోనే.

అరవై మూడో సంవత్సరం ఎండల్లో చిన్నపోలయ్యకు ఓ తెలివి పుట్టింది. చేప తలకాయకే చెట్టు ఇంత కాస్తే, చేపలు ఊరిన రసానికి ఎంత కాయాలి! అంకాలమ్మ కోటకు పోయిన పూట, ఉప్పుచేపల తొట్టిలో నీళ్ళు కుండలతో తెచ్చి తోటంతా తడిపేశాడు.

ఆమె తిరిగొచ్చేసరికి వానపాములు పైకొచ్చి, మెలికలు తిరిగి చచ్చిపడి ఉన్నాయి.

"ఏంది మామా, ఏం పోసినావు?"

"బలం మే! ఇంక చూడు, కాయ గుమ్మడికాయంత..."

"ఉప్పునీళ్ళు పోసి బలమంటావా? నీ బలం తగలెయ్య!"

వంగచెట్లు మాడిపోయాయి. నేల బల్లలా బిగిసింది. పోసిన నీళ్ళు పైనే నిలిచాయి. దిగడానికి దారులు తొలిచేవి చచ్చిపోయాయి మరి. "వేట లేనప్పుడు పిల్లోళ్ళకు ఏం పెట్టాల?" అని ఒక్క మాట అని అంకాలమ్మ లోపలికి పోయింది. చిన్నపోలయ్యకు అన్నం సయించలేదు.

కార్తీకం వానలకు ముందే తోట చుట్టూ నీళ్ళు బయటికి పోయేలా బోదె తీశాడు. వాన ఉప్పును కడుక్కుపోయింది. తర్వాత పేడ, కుళ్ళిన ఆకులు పరిచి, కాలవ గట్టు తడిమట్టిని వానపాములతో సహా తట్టలకెత్తి మోసుకొచ్చాడు. గాలానికి మాత్రం తవుడు ఉండలే గుచ్చేవాడు.

మేం ఊరుకుంటామా? "పోలన్నా, చేపలకు పథ్యం పెట్టినావా?" అని ఏడిపించాం. తలొంచుకుని నవ్వేవాడు.

మరుసటేడు వానలకు, కొత్తగా నాటిన వంగచెట్ల మొదళ్ళలో మళ్ళీ గుళికల మట్టి లేచింది. అంకాలమ్మ దాన్ని వేళ్ళతో చిదిమి చూసి, కొబ్బరిచిప్పలో నాలుగు వానపాములు వేసి ఇచ్చింది.

"పో మామా, గాలమెయ్యి పో."

అతను చిప్ప పట్టుకుని తోట చివరిదాకా పోయాడు. అక్కడ వంగి, వాటిని ఆకుల కింద వదిలి, తవుడు ఉండలతో కాలవకు నడిచాడు.

ఆరోజు తిమింగిలం పడిందని రాద్దామనుకున్నాను. ఏమీ పడలేదు. ఇంట్లో వంకాయ పులుసు ఉడుకుతోంది.