వంతెన మీద ఆగిపోయిన ఎలుగుబంటి

మొన్న మధ్యాహ్నం వనపర్తిలో మా ఇంట్లో ఇంటర్‌నెట్ పోయింది. పోవడం వింత కాదు. పాత అలవాటు కొద్దీ కంపెనీకి ఫోను చేస్తే అవతల మనిషి లేడు. తేనె పూసినట్టున్న ఒక రికార్డు గొంతు నా ఫిర్యాదు నమోదైందనీ, నా సమయం తమకెంతో విలువైనదనీ చెప్పి, ఆ విలువైన సమయమంతా వాయిద్యం వినమంది. గోడకున్న పెట్టె మీద ఎర్రదీపం, చెవిలో వాయిద్యం, నేను కుర్చీలో. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఇట్లాంటి వేళ అవతల ఒక మనిషి పలికేవాడు, మన ఊరు తెలిసినవాడు, మన కోపానికి సగం భయపడి సగం నవ్వేవాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కున చాలా ఏళ్ళు ఆ మనిషిని నేనే.

దానికి ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్ అని బరువైన పేరుండేది గాని, పని తేలికగానే చెప్పవచ్చు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, విత్తనాల కంపెనీల్లో కంప్యూటర్లు ఆగినా, వాటిని కలిపే లైను తెగినా, ఫోనెత్తి ఫిర్యాదుకు ఒక నంబరిచ్చి, బాగుచేసేవాణ్ణి పంపి, లైను వచ్చేదాకా అవతలివాళ్ళ బుర్ర వేడెక్కకుండా చూడటం. మొదటి రెండు పనులూ ఎవరైనా చేస్తారు. మూడోదానికి నా దగ్గరున్న సాధనం ఒక్కటే, కోతలు కోయడం. ఇటిక్యాల నుంచి ఒక మేనేజరు అగ్గిమీద గుగ్గిలమై ఫోను చేస్తే, సార్, మీ లైను మింగిన కొండచిలువను ఇప్పుడే పట్టుకున్నాం, దాని కడుపులోంచి మీ మెయిల్స్ ఒక్కొక్కటే బయటకు తీస్తున్నాం అని మొదలుపెట్టేవాణ్ణి. తిడుతూ తిడుతూనే ఆయన, తర్వాతేమైందని అడిగేవాడు.

లైను బాగుచేసేవాడు మా బావ, అంటే మా అక్క భర్త. అమ్రాబాద్ అడవి దిక్కు లైనంతా ఆయన చేతిలో ఉండేది. ఆ లైను లోపలుండే సేమ్యా కన్నా సన్నని గాజు పోగులను అంత మోటు వేళ్ళతో ఎట్లా అతికేవాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. అక్కకు గద్వాలలో టీచరు ఉద్యోగం, బావకు అడవిలో లైను, కనుక వారమంతా వాళ్ళ కాపురం ఫోనులోనే నడిచేది. మధ్యాహ్నం బడి గంట కాగానే అక్క ఫోను చేసి, తిన్నవా అని ఒక్కమాట అడిగి పెట్టేసేది. బావ తినకున్నా తిన్ననే అనేవాడు. మా కుటుంబంలో అబద్ధాలు చెప్పేది నేనొక్కణ్ణే కాదు.

పని చేస్తున్నంతసేపూ బావ సిగ్నల్ దొరికే ఒక బండ మీద ఫోను పెట్టి, నా గొంతు పెద్దగా వినపడేటట్టు చేసుకునేవాడు. నేను కథ చెప్పాలి, ఆయన పోగులు అతకాలి. మా మధ్య ఒక కట్టుబాటు ఉండేది: లైను రాగానే కథ ఆగిపోవాలి. రాజు కత్తి ఎత్తి ఉన్నా, పులి గాల్లో దూకుతున్నా, వాక్యం సగంలో ఉన్నా సరే. బావ గొంతు వినపడేది, "లైన్ వచ్చింది. మిగిలింది మళ్ళ పోయినప్పుడు." అంతే, ఫోను పెట్టేసేవాడు. అట్లా నా కథల్లో ఏ ఒక్కటీ తుదిదాకా పోలేదు, నా ఉద్యోగమూ అంతే. పొద్దున బాగుచేసింది మాపటికి పోయేది, దానికి మళ్ళీ ఒక కొత్త నంబరు.

ఆ కథల్లో బావకు ప్రాణమైనది ఎలుగుబంటి కథ. మా దిక్కు దాన్ని గుడ్డెలుగు అంటారు. ఒకనాడు అడవిలో లైను అతుకు ఉన్న పెట్టె మీద కూర్చుందట, లోపల జుమ్మని చప్పుడైతే తేనెతుట్టె అనుకుందట. (గాజు పోగులో వెలుతురు తప్ప చప్పుడు పోదని తెలిసిన పాఠకులు ఈ ఒక్క పేరాకు కళ్ళు మూసుకోవాలని మనవి.) తేనె లేదు గాని అందులో నుంచి ఒక ఆడమనిషి గొంతు వినపడిందట, తిన్నవా అని. పుట్టిన దగ్గర నుంచి తన్ను చూసి పారిపోయినవాళ్ళే గాని తిన్నవా అని అడిగినవాళ్ళు లేక, అదెవరో చూడాలని ఆ లైను వెంబడే గద్వాలకు బయలుదేరిందట. ఉప్పునుంతల పల్లీ చేలల్లో కడుపు నింపుకుంది, నాగర్‌కర్నూల్‌లో గొంగడి కప్పుకొని సంతలో తిరిగింది, వనపర్తిలో నా ఆఫీసుకే వచ్చి ఫిర్యాదు రాయించింది. లైను తెగినప్పుడల్లా అది కాస్త ముందుకు నడిచేది. చివరికి కృష్ణ మీది వంతెన ఎక్కింది.

అప్పుడే బావ నన్ను ఆ ఫిర్యాదుల కుర్చీలో నుంచి లేపాడు. పని మధ్య టీ తాగుతూ, ఎప్పుడూ లేంది, గట్టిగా అందుకున్నాడు.

"ఎన్నొద్దులు గిట్ల ఫోన్ చెవికి కట్టుకొని కూసుంటవ్ రా బామ్మర్ది? జర మొదలూ తుదీ ఉన్న పని జూసుకో."

"తుది ఉన్న పని నాకేం తెల్సు బావా?"

"తెల్వకుంటే నేర్సుకో. కథ ఎట్లనో ముగిస్తలేవు, పనన్న ముగించు."

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ పరీక్షకు చదివాను. ఇంటర్వ్యూలో, ఇన్నేళ్ళలో నువ్వు మొదలుపెట్టి పూర్తి చేసిందేమిటని అడిగారు. సర్వీసులో పూర్తయ్యేది ఏముంటుంది? ఏదీ పూర్తి చేయలేదు సార్, కాని లైను రాకుండా ఏనాడూ ఇంటికి పోలేదు అన్నాను. అది విని అందరూ లేచి చప్పట్లు కొట్టారని అక్కకు చెప్పాను. నిజానికి ఒకాయన మంచినీళ్ళు తాగాడు. ఉద్యోగం మాత్రం ఇచ్చారు.

కొత్త పనిలో ప్రతిదానికీ ఒక తేదీ ఉండేది, తేదీ తప్పితే ఎందుకు తప్పిందో ముందే రాసిపెట్టుకోవాలి. ఇంకా తవ్వని గుంటకు, ఇంకా రాని మనుషులకు, ఇంకా కురవని వానకు కూడా తేదీలు రాస్తుంటే, కోతలు కోయడానికి జీతమిచ్చే కొలువు ఒకటుందని ఇంతకాలం నాకెవరూ చెప్పనందుకు దిగులేసింది. అయినా ఫోను దగ్గర కూర్చున్న ఏళ్ళు ఊరికే పోలేదు. కొత్త లైనుకు మార్చే రోజు బ్యాంకులో జనం ఎప్పుడుంటారో, మార్చాక మొదటి ఫోను ఎవరికి వస్తుందో, వచ్చినవాడు ఏమని తిడతాడో నాకు ముందే తెలిసేది. మిగతావాళ్ళు పని అప్పగించే రోజు దాకా ఆలోచిస్తే, నేను ఆ మరునాటి పొద్దున గురించి ఆలోచించేవాణ్ణి.

నా మొదటి ప్రాజెక్టు మా లైనే. అమ్రాబాద్ నుంచి గద్వాల దాకా రెండో దారి వేయాలి, ఒక దారి తెగితే ఇంకో దారిన పోయేటట్టు. చివరి అతుకు బావ చేతనే వేయించాను. శాలువాలు కప్పారు, లడ్డూలు పంచారు, నేను పెద్దమనిషిలా ఫొటోలో నిలబడ్డాను. అందరూ పోయాక బావ పెట్టె మూత బిగించి, దాని మీద చేయి వేసి కూర్చున్నాడు.

"మస్తు జేసినవ్ రా. ఇగ లైన్ పోదు."

"పోదు బావా."

"మరి నా గుడ్డెలుగో? వంతెన మీదనే నిలవడె గద!"

నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎంత ఖరీదైనదో అప్పటికి తెలియలేదు. లైను నిజంగానే పోలేదు. ఫోన్లు తగ్గాయి, వనపర్తిలోని నా పాత కుర్చీ హైదరాబాదుకు పోయింది, అక్కడ నుంచి రికార్డు గొంతులోకి పోయింది. నేను ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు ఊళ్ళు తిరిగాను. పెళ్ళిళ్ళలో, పండుగల్లో కలిసినప్పుడు బావ చెవి దగ్గరికి వచ్చి, ఎన్నడు పోతదిరా లైను అని అడిగేవాడు. ఊరికే కూర్చుని చెప్పుకోవచ్చు గదా అని మీరనవచ్చు, ఒకటి రెండు సార్లు మొదలుపెట్టాను కూడా. బావే వద్దన్నాడు. లైను ఉండగా కథేంది, అది ముచ్చటైతది గాని కథ కాదు పొమ్మన్నాడు.

తర్వాత బావ కడుపులో గడ్డ తేలింది. హైదరాబాదు డాక్టర్లు చేయగలిగిందంతా చేసి, ఇక ఇంటి దగ్గర ఉంచుకోండి అన్నాక, ఇంట్లో నొప్పి ఆపలేక నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో చేర్చాం. నేను సెలవు పెట్టి వచ్చి, నాకొచ్చిన విద్య అదే గనుక, ఎవరెప్పుడు దగ్గర కూర్చోవాలో, మందు ఎవరు తేవాలో, బండి ఎవరిదో అన్నీ ఏర్పాటు చేసి, మంచం పక్కన నిలబడి చదివి వినిపించాను. బావ కళ్ళు సగం తెరిచి విన్నాడు.

"నన్ను గూడ ప్రాజెక్టు జేసినవా?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"జేస్తే జెయ్యి. తేదీ మాత్రం పెట్టకు." కాసేపు ఊపిరి తీసుకొని, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. "ఏం జూస్తవ్? లైన్ పోయింది గద. గుడ్డెలుగును నడిపియ్యి."

నడిపించాను. కాని కథ ఇంటికి చేరితే ఏమవుతుందో ఆలోచించడానికి భయమేసి, అడుగడుగునా ఆపాను. వంతెన మీద దానికి నీళ్ళలో తన నీడ కనిపించి, ఎవరో అన్న అనుకొని ముచ్చట పెట్టుకుంది. ఇటిక్యాల మిరప చేలో పడి తుమ్మితే చుట్టుపక్కల కాకులన్నీ లేచిపోయాయి. బస్సెక్కితే కండక్టరు, గొంగడి తీయకుంటే సగం టికెట్టు ఇయ్యనని గొడవపెట్టాడు. ఉద్యోగంలో ఏనాడూ ఒక్క రోజు ఆలస్యాన్ని ఓర్వని నేను, ఆ మంచం పక్కన ఆలస్యం తప్ప ఇంకేమీ కోరలేదు. బావ నవ్వితే కడుపు నొచ్చేది, నొచ్చినా నవ్వేవాడు.

ఒక పూట అక్క నన్ను వరండాలోకి పిలిచింది.

"తమ్మీ, దాన్ని ఇంటికి తోల్కరా. ఎక్కడిదాక వచ్చిందని ఆయన నన్ను అడుగుతుండు, కన్ను మూస్తలేడు."

"ఇంటికొస్తే కథ అయిపోతదక్కా."

"తెల్సు." చీర కొంగుతో నా ముఖమే తుడిచింది, తన ముఖం కాదు. "ఎన్నొద్దులని రోడ్డు మీద తిప్పుతవ్? అలిసిపోయిండు రా."

ఆ మధ్యాహ్నం ఎలుగుబంటి గద్వాల చేరింది. మగ్గాల చప్పుడు వింటూ వీధి వెంట నడిచింది, అక్కావాళ్ళ ఇల్లు గుర్తుపట్టింది, అరుగెక్కింది, గొంగడి సర్దుకుంది. ఇంట్లో అక్క గిన్నెలో అంబలి కలుపుతోంది. ఎలుగుబంటి తలుపు కొట్టడానికి చేయి ఎత్తింది. లోపల నుంచి...

బావ చేయి లేపాడు. నా వైపు చూడలేదు, గిన్నెతో గదిలోకి వచ్చిన అక్క వైపే చూస్తున్నాడు.

"ఆపు. లైన్ వచ్చింది."

"బావా, ఇంకొక్క మాటే ఉంది."

"మిగిలింది మళ్ళ పోయినప్పుడు."

అక్క తెచ్చిన అంబలి రెండు గుక్కలు తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారేసరికి బావ లేడు.

ఆ మిగిలిన మాట ఏమిటో అక్క ఏనాడూ అడగలేదు, ఆమెకు తెలియక కాదు. ఇప్పటికీ మధ్యాహ్నం పూట ఆమె ఫోను చేస్తుంది, ఈ మధ్య నాకు. తిన్నవా అంటుంది. తినకున్నా తిన్ననే అంటాను.

ప్రాజెక్టులు ఎన్నో ముగించాను, అన్నీ బాగానే నడుస్తున్నాయి. లైన్లు తెగడం లేదు, తెగినా వాటంతటవే ఇంకో దారి వెతుక్కుంటున్నాయి. మంచిదే, అందుకే గదా మేం గుంటలు తవ్వింది. కాని తెగిన లైనుకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు ఎదురుచూస్తూ కూర్చునే ఆ కాసేపు మాత్రం ఏ ప్రణాళికలోనూ లేకుండా ఎక్కడికో పోయింది.

మొన్న ఫోనులో వాయిద్యం మోగుతూనే ఉంది, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. లైను పోయింది గదా అనుకొని, చాలా ఏళ్ళ తర్వాత, ఆ వాయిద్యానికే కథ అందుకున్నాను. ఎలుగుబంటి ఇంకా మీ గడప ముందు చేయెత్తి నిలబడే ఉంది బావా, లోపల నుంచి అక్క గొంతు వినపడింది, ఏమని అంటే అని ఊపిరి తీసుకున్నాను. గోడ మీద పెట్టెకు పచ్చదీపం వెలిగింది.

ఆపేశాను.