పామర్రులో మావయ్యగారి నాటకం, నా పన్నెండు నిమిషాల ఉపన్యాసం

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మా ఆవిడ సుగుణ చేతికి సంచి ఇచ్చింది. పామర్రు వెళ్ళి వాళ్ళ నాన్నగారిని తీసుకురమ్మంది. మా మావయ్యగారు ముప్పయ్యేళ్ళుగా ఒక నాటక సమాజంతో కృష్ణా జిల్లా అంతా తిరుగుతున్నారు. వాళ్ళది పాటలతో నడిచే హాస్య నాటకం. అందులో ఆయన అల్లుళ్ళు వస్తే కాఫీ చుక్కలు లెక్కపెట్టే పిసినారి మావగారు. చర్చిలో కీర్తనలు పాడుతూ తయారైన గొంతు ఆయనది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ గొంతు బొంగురుపోవడం మొదలుపెట్టింది. ఆరు నెలలు పాట మానకపోతే మాట కూడా దక్కదని విజయవాడ డాక్టరు చెప్పాడు. ఆయన తలూపి వచ్చి, మర్నాడే మళ్ళీ మేకప్ పెట్టె సర్దుకున్నారు.

నువ్వే వెళ్ళి తీసుకురావచ్చు కదా అన్నాను. "నేను వెళ్తే నాన్న బతిమాలతాడండీ. నేను కరిగిపోతాను. మీకు ఆ జబ్బు లేదుగా" అంది. ఆదివారం నిద్ర అలా పోయింది.

మీలో ఎవరైనా ఈ నాటకం చూడ్డానికి వెళ్ళేలా ఉంటే దారి తేలికే. నేను ఇబ్రహీంపట్నం నుంచి సిటీ బస్సులో తొమ్మిది రూపాయల టిక్కెట్టుతో విజయవాడ చేరాను. బస్టాండుకి వెళ్ళేముందు వన్ టౌన్‌లో దిగి అతిమధురం, పటికబెల్లం కొనమని సుగుణ మరీ మరీ చెప్పింది. పాట మానిపించడానికి వెళ్తూ గొంతుకి మందెందుకని అడిగే ఓపిక నాకు లేదు. ఆదివారం కాబట్టి షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తోపుడు బళ్ళు గోడలకి ఆనించి ఉన్నాయి. సగం తెరిచిన ఒక కొట్లోకి వంగి దూరితే, కొట్టాయన నా మొహం చూసి "మీకేనాండీ? నిద్ర లేక ఎండినట్టున్నారు" అన్నాడు. కాదని చెప్పి పొట్లం తీసుకుని పదకొండుకి బందరు బస్సెక్కాను. పామర్రుకి పంతొమ్మిది రూపాయలు. కంకిపాడు దాటేదాకా నిలబడ్డాను. సీటు దొరికాక ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తనడక నడుస్తుంటే కిటికీకి తల కొట్టుకుంటూ కునికాను. గంటంపావు ప్రయాణం రెండు గంటలు పట్టింది.

పామర్రు సెంటర్లో పాతిక రూపాయలకి మెస్సులో భోజనం దొరికింది. వంటావిడే వడ్డించింది. ఎక్కడికని అడిగితే నాటకానికన్నాను. "మా ఇంట్లో అందరూ అక్కడికేనండీ. ఆ పిసినారాయన గొంతు పోయిందంటున్నారు, నిజమేనా?" అంది. నాకు తెలీదన్నాను. అన్నం సగంలో వదిలేస్తే ఒంట్లో బాగాలేదేమోనని మజ్జిగ ఇంకోసారి పోసింది.

రాత్రి మంచులో గొంతులు నిలవడంలేదని ఆటని మధ్యాహ్నం మూడింటికే ఒక కల్యాణ మండపంలో పెట్టారు. టిక్కెట్టు ముప్పై. నేను తిన్నగా వెనక గదిలోకి వెళ్ళాను. మావయ్యగారు అద్దం ముందు మీసం అంటించుకుంటున్నారు. ఆయన పక్కన హార్మోనియం మస్తాన్ గారు పెట్టె తుడుస్తున్నారు. వన్ టౌన్ మనిషి. మావయ్యగారు పాడుతున్నంత కాలంగా ఆయనకి హార్మోనియం వాయిస్తున్నారు. నన్ను చూడగానే మావయ్యగారికి సంగతి అర్థమైంది. మాట్లాడితే గొంతులో ఇసుక రాలుతున్నట్టుంది.

"సుగుణ పంపిందా అల్లుడుగారూ?"

"అవునండీ. ఆట అవగానే బయల్దేరాలట."

"ఒక పని చేద్దాం. చివరి రంగంలో నా పాట ఉంది. అది తెగకుండా ఆఖరిదాకా పాడితే నేను సమాజంతో ఉంటాను. మధ్యలో ఆగిందా, ఈ మీసం ఇక్కడే పీకి మీతో బస్సెక్కుతా. తర్వాత ఇంకెప్పుడూ అడగను."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఆ గొంతుతో ఆఖరిదాకా పాడటం జరిగే పని కాదు. నేను కుర్చీలో కూర్చుంటే చాలు.

నాటకం బాగుంది. పండక్కి వచ్చిన ముగ్గురు అల్లుళ్ళకి ఒకే పరుపు చూపించి, దాని గుణగణాలు మావగారు పాటగా పాడే చోట నా పక్కనున్న ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేను ఆవలింతల మధ్య నవ్వాను. ఇబ్బంది అక్కడే వచ్చింది. మనవాళ్ళకి పాట నచ్చితే "వన్స్ మోర్" అంటారు. అన్నాక నటుడు మళ్ళీ పాడాల్సిందే, పాడకపోతే అమర్యాద. పరుపు పాటకి రెండుసార్లు వన్స్ మోర్ పడింది. మూడోసారికి పైస్థాయిలో గొంతు చీలింది. అది కూడా హాస్యమే అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ప్రేమతోనే కొట్టారు, అదే బాధ. తెర పడింది. ఇక మిగిలింది చివరి రంగమే.

అప్పుడు మస్తాన్ గారు పక్క తలుపులోంచి వచ్చి నా భుజం తట్టారు.

"బాబూ, మీ మావగారికి పది నిమిషాలు ఊపిరి కావాలి. ఊళ్ళో పెద్దలకి శాలువాలు కప్పడం ఇందాకే అయిపోయింది. ఇంకెవరూ మిగల్లేదు. మీరు థర్మల్ స్టేషన్లో పెద్ద ఇంజనీరని చెప్పేశానండీ, ఏమనుకోకండి."

నేను అక్కడ నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ మనిషిని. ఆ మాట చెప్పేలోపే మైకులో పిలిచేశారు. నాటకం మధ్యలో సన్మానాలంటే మనకెంత ఇష్టమో మీకు తెలుసు. హాలంతా ఉసూరుమంది. ఎవరి భుజమ్మీదిదో ఒక శాలువా తెచ్చి నాకు కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. రెండు మాటలు చెప్పి దిగిపోతే నా పని అయిపోయేది. నమస్కారం పెట్టి పక్కకి చూశాను. తెర చాటున మావయ్యగారు గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, స్టీలు గ్లాసులో వేడినీళ్ళు గుక్క గుక్కగా మింగుతున్నారు. ప్రతి గుక్కకీ మెడ నరాలు లేస్తున్నాయి. ఆ మనిషిని నేను పదిహేనేళ్ళుగా ఎరుగుదును. ఆయనకి భయం వేయడం చూడటం అదే మొదలు.

మైకు దగ్గరికి జరిగి బాయిలర్లోకి వెళ్ళే నీళ్ళని ఎన్నిసార్లు శుభ్రం చేస్తారో చెప్పడం మొదలుపెట్టాను. మూడో నిమిషంలో ఈలలు వేశారు. "అది సరేగానండీ, మా ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తది?" అని వెనక నుంచి ఒకాయన లేచాడు. ఆ ప్రశ్నకే వస్తున్నానని చెప్పి, మళ్ళీ నీళ్ళ దగ్గరికే వెళ్ళాను. నాకు స్టేజీ అంటే చెమట పడుతుంది. రాత్రంతా నిద్ర లేని బుర్ర చెప్పిందే చెప్పింది. పన్నెండు నిమిషాలకి మస్తాన్ గారు చెయ్యి ఊపారు. నేను దిగుతుంటే నాటకంలో ఏ పాటకీ పడనన్ని చప్పట్లు పడ్డాయి.

చివరి పాటకి మస్తాన్ గారు శ్రుతి ఒక మెట్టు దించి పట్టారు. ఆ విషయం నాకు ఆయన తర్వాత చెప్పారు, హాల్లో ఎవరికీ తెలియలేదు. అల్లుళ్ళు వెళ్ళిపోయాక, ఖాళీ ఇంట్లో మిగిలిన కాఫీ తనే తాగుతూ పిసినారి పాడుకునే పాట అది. నవ్విస్తూనే మొదలవుతుంది. మావయ్యగారు తొందరపడకుండా, ఒక్కో మాటా కాపాడుకుంటూ ఆఖరిదాకా పాడారు. ఎక్కడా తెగలేదు. జనం వన్స్ మోర్ అని లేచారు. ఆయన చేతులు జోడించి తల అడ్డంగా ఊపారు. నా పక్క ముసలాయన లేచి "చాలండీ, ఆయన్ని వదిలెయ్యండి" అన్నాడు.

వెనక గదిలో ఆయన మాట్లాడలేకపోయారు. పొట్లం ఇస్తే తీసుకుని, నా శాలువా మడత సరిచేసి, బస్సుకి టైమైందన్నట్టు గోడ గడియారం చూపించారు. ఆరూ నలభైకి బందరు నుంచి వచ్చే బస్సెక్కాను. సంచి ఒళ్ళో పెట్టుకుంటే బరువే లేదు. ఉయ్యూరు దాటాక సుగుణ ఫోన్ చేసింది.

"బయల్దేరారా?"

"నేను బయల్దేరాను. ఆయన రాలేదు. పాట ఆఖరిదాకా పాడారు." నేనేం చేశానో కూడా చెప్పేశాను. తిట్లు తప్పవనుకుని ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను.

తిట్టలేదు. "ఎట్లా పాడాడండీ?" అంది.

"బాగా పాడారు."

"నేనూ రావాల్సింది" అంది.

డాక్టరు అబద్ధం చెప్పలేదు. ఆ గొంతు ఈ నెలో వచ్చే నెలో పోతుంది, అందులో నా పాపం పన్నెండు నిమిషాలుంది. చేసింది తప్పని మాత్రం అనలేకపోతున్నాను. వచ్చే ఆదివారం ఇద్దరం గుడివాడ ఆటకి వెళ్తున్నాం. వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: రెండున్నరకల్లా చేరి ఎడమవైపు కుర్చీలు పట్టుకోండి, హార్మోనియం బాగా వినిపిస్తుంది. మధ్యలో ఎవరికో సన్మానం మొదలై ఆ మనిషి ఎంతకీ మైకు వదలకపోతే ఈలలు వేయకండి. తెర వెనక ఒకాయన వేడినీళ్ళు తాగుతూ ఉండొచ్చు.