కామాక్షయ్య కూతురు

మైపాడు దారిలో పొద్దున్నే ఎండుచేపల గంపతో ఎదురయ్యే పోలమ్మకు యాభై ఐదేళ్లు. తల మీద ఎంత బరువున్నా మెడ వంచదు. బేరమాడేవాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తుంది. తండ్రి పోయాక ఆయన ముప్పై సెంట్ల ఇసుక దిబ్బ తమ్ముడు పెంచలయ్య చేతిలో ఉండిపోయింది. అక్కడ చేపలు ఎండేసుకోవడానికి ఇరవై ఏళ్లుగా ఆమె తమ్ముణ్ని అడిగి చోటు తెచ్చుకునేది. నిరుడు రొయ్యల చెరువులవాళ్లు ఆ దిబ్బను కొంటామన్నారు. పెంచలయ్య ఒక పట్టుచీర, హక్కు వదులుకున్నట్టు రాసిన కాగితం పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

“చీర నీ పెండ్లానికి ఇచ్చుకోరా. నాకు నాయన భూమిలో భాగం కావాల” అంది పోలమ్మ.

“పుట్టింటి మీద పడిందని ఊరంతా నవ్వుతారక్కా.”

“నవ్వనీ. ఆ దిబ్బ మీద నీకంటే ముందు నడక నేర్చింది నేనే.”

ఎనిమిది నెలలు ఆమె చేపలమ్ముకుంటూనే మండలాఫీసు మెట్లెక్కింది. కోర్టుకైనా పోతానని తేల్చి చెప్పాక పెంచలయ్య దిగొచ్చి, సగం ఆమెకు రాసివ్వడానికి ఒప్పుకున్నాడు. ఆఫీసులో ఇద్దరూ సంతకాలు పెట్టాక, పాసుపుస్తకం కోసం వివరాలు రాసుకుంటున్న గుమాస్తా తలెత్తకుండానే భర్త పేరు అడిగాడు.

పోలమ్మ కొంగు సర్దుకుంది. “ఈ భూమి నా మొగుడిది కాదు సార్, మా నాయనది. వాయల కామాక్షయ్య కూతురు పోలమ్మ అని రాయండి” అంది, వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా.

బల్ల మీద కూర్చున్న పెంచలయ్య, తండ్రి పేరు వినగానే లేచి నిలబడ్డాడు.