పక్క సీట్లో తలపాగా

శామీర్‌పేటలో బస్సెక్కిన సిక్కు యువకుడు నా పక్కన కూర్చోగానే, వెనక సీట్లోంచి ఎవరో సర్దార్ జోకు వేశారు. నేనూ నవ్వాను.

"నాకు తెలుగొస్తదన్నా. చిన్నప్పుడు అల్వాల్‌ల ఉన్నం, తర్వాత లండన్ పోయినం," అన్నాడతను మెల్లగా.

సిగ్గేసింది. "అక్కడ గూడ గిట్లనే నవ్వుతరా తమ్మీ?" అని అడిగాను.

"స్కూల్ల నా పగ్డీ గుంజి పడేసిన్రు. గా రోజే ఇంటికొచ్చి ఎంటికలు కత్తిరించుకున్న. బాపు తిట్టలే గని, మళ్ల నా తల దిక్కు సూడలే. ఆయన పోయినంక పెంచుడు షురూ జేసిన."

చెవి మీదికి జారిన వెంట్రుకల్ని తలపాగాలోకి దోపుకున్నాడు.

క్షమించమని అడగాలనుకున్నాను. అప్పటికే అతను కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన చెప్పుకుంటున్నాడు. తూముకుంటలో నేను దిగేటప్పుడు కూడా అతని పెదవులు కదులుతూనే ఉన్నాయి.