తప్పు లేని ప్యాచ్‌లు పంపిన మనిషి

ఆ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. అందులో తప్పేమీ లేదు. తప్పేమీ లేకపోవడమే నాకు మింగుడు పడలేదు.

అప్పటికి నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ఇప్పుడూ అదే పని. మా ల్యాబ్‌లో యంత్రాలు బాగా పాతవి. వాటిని పారేయడం ఇష్టం లేక, ఒక వేసవి సెలవుల్లో వాటన్నిటిలో చిన్న, తేలికైన ఆపరేటింగ్ సిస్టం ఒకటి ఎక్కించాను. పాత యంత్రాల మీద అది హాయిగా నడిచింది. కానీ పిల్లలకు కావలసిన ప్రోగ్రాంలు దానికి దొరకవు. లినక్స్ అనే పెద్ద సిస్టంలో అయితే ఆ పనికి నేను రోజూ వాడే ప్యాకేజీ వ్యవస్థ ఒకటి ఉంది. ఒక ప్రోగ్రాం కావాలంటే దానికి ముందు ఏవేవి ఉండాలో, వాటిని ఎక్కడి నుంచి తేవాలో, తెచ్చినవి అసలువో కావో అన్నీ అదే సరిచూసి ఎక్కిస్తుంది. దాని కోడ్‌ను ఎవరైనా తెరిచి చదవచ్చు, బాగుచేసి పంపవచ్చు. ఎక్కడెక్కడివాళ్ళో జీతం లేకుండా దాన్ని నడుపుతున్నారు. దాన్ని మా చిన్న సిస్టం మీద కూడా నడిచేలా మార్చుదామని కూర్చున్నాను.

మా ప్రిన్సిపాల్ గారు పాతకాలపు లెక్కల మాస్టారు. కాగితం మీద చూస్తే తప్ప దేన్నీ నమ్మరు. నేను చెప్పిందంతా విని, “ఊకెనే ఎందుకిస్తరమ్మా? వాళ్ళకేం లాభం?” అని అడిగారు. కోడ్ అంతా బయటే ఉంటుంది సార్, ఎవరైనా చూడొచ్చు, దొంగతనానికి తావుండదు అని చెప్పాను. ఆయన వదల్లేదు.

“ఎవరన్న చూడొచ్చు అంటున్నవ్. మరి ఎవరన్న చూసిండ్రా?”

నేనే చూడలేదు. ఆ వ్యవస్థను ఏళ్ళుగా వాడుతున్నాను, ఒక్క ఫైలు కూడా మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. ఆ రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను. అనుమానం కూడా అప్పుడే అంటుకున్నట్టుంది.

పని నేను అనుకున్నంత తేలిక కాదు. ఆ వ్యవస్థ రాసినవాళ్ళందరూ తమ కింద ఉండేది లినక్సే అనుకుని రాశారు. ఫలానా ప్రోగ్రాం ఫలానా ఫోల్డర్‌లో ఉంటుందని రాసిన చోట, మా సిస్టంలో అది ఉండదు. అంతకంటే చిక్కు, పేరు ఒకటే అయినా పని వేరైన కమాండ్‌లతో వచ్చింది. ఇక్కడ ఒక మాటకు తలూపే కమాండ్, అక్కడ అదే మాటకు తప్పు చూపించి ఆగిపోతుంది. ఒక్కోసారి ఆగదు కూడా, చప్పుడు చేయకుండా తప్పు పని చేసేస్తుంది. రెండు నెలలు రోజూ మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీ అయ్యాక కూర్చుంటే సగం దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయాను. చేసినంతవరకూ ఆ వ్యవస్థవాళ్ళకు పంపితే, దాని బాగోగులు నన్నే చూడమన్నారు.

అప్పుడు వచ్చింది ఆ ఉత్తరం. ఆ వ్యవస్థ పని చూసేవాళ్ళంతా మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టుకు, పేరు స్థానంలో ఏదో పక్షి పేరు పెట్టుకున్న ఒక మనిషి ప్యాచ్ పంపాడు. ప్యాచ్ అంటే కోడ్‌లో ఏ వరుస తీసేయాలో, ఏది పెట్టాలో చూపించే చిన్న సవరణ. నేను మూడు వారాలుగా కొట్టుకుంటున్న చోటును అది పన్నెండు వరుసల్లో సరిచేసింది. ధన్యవాదాలు చెప్పి, మీరెక్కడివారు, ఈ సిస్టంతో మీకేం పని అని అడిగాను. జవాబులో రెండో ప్యాచ్ వచ్చింది. నా ప్రశ్నల ఊసే లేదు.

ఆ మనిషిని మగవాడనే అనుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

ప్యాచ్‌లు వస్తూనే ఉన్నాయి. ప్రతి దాని తల మీద పంపినవాళ్ళ గడియారం సమయం ఉంటుంది. అది మన దేశపు సమయమే. మన దేశంలో ఉండి, ఊరు చెప్పడానికి ఏమిటి అభ్యంతరం? ఒక నోట్‌బుక్ పెట్టి ఆ సమయాలన్నీ రాయడం మొదలుపెట్టాను. పొద్దున ఏడు దాటాక ఎనిమిదిన్నర లోపల, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి మూడు. అంతే. ఆదివారం పొద్దున ఒక్కటీ లేదు. ఇది ఒక్క మనిషి పని కాదు, ఎక్కడో ఆఫీసులో షిఫ్టులు వేసి చేయిస్తున్నారని తేల్చుకున్నాను. మంచితనంతో లోపలికి వచ్చి, నమ్మకం కుదిరాక ఏదో ఒక మూల చిన్న తలుపు తెరిచిపెట్టి వెళ్ళేవాళ్ళ గురించి చదివి ఉన్నాను. అందుకే అతని ప్రతి ప్యాచ్‌నూ నాలుగైదు రోజులు, ఒక్కోసారి పది దాటేదాకా నానబెట్టేదాన్ని. చిన్న చిన్న పేచీలు పెట్టి వెనక్కి పంపేదాన్ని. అతను విసుక్కోలేదు. నాకు ఆ ఓపిక మీదా అనుమానమే వచ్చింది.

ఇంతలో ఆ వ్యవస్థకు పెద్దదిక్కుగా ఉన్న యూరప్ ఆయన నాకు విడిగా రాశాడు. నా మీద భారం ఎక్కువైనట్టుంది, ఆ పక్షి పేరు మనిషికి కూడా నేరుగా మార్పులు చేసే హక్కు ఇద్దామా అని. వద్దని వెంటనే రాశాను. కారణం అడిగితే, త్వరలో చెబుతానన్నాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏదైనా దొరుకుతుందని వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే దొరికింది.

మా వ్యవస్థకు ఒక నియమం ఉంది. ఒకే కోడ్ నుంచి ఇద్దరు వేర్వేరు చోట్ల ప్యాకేజీ తయారు చేస్తే రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. అది తేల్చడానికి ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అని ఒక పొడుగాటి అంకెల వరస తీస్తారు. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఒకటి అతను తయారు చేసి పెట్టాడు. అదే నేను ల్యాబ్‌లో తయారు చేసి చెక్‌సమ్ తీశాను. కలవలేదు. యంత్రం మార్చి మళ్ళీ చేశాను. కలవలేదు. మూడోసారీ అంతే. నాకు భయం వేయలేదు. ఇన్నాళ్ళకు దొరికాడని సంతోషమే వేసిందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

అందరూ చదివే లిస్టుకే రాశాను. ఈ మనిషి ఎవరో ఎవరికీ తెలియదని, ఊరు అడిగితే చెప్పడని, అతని ప్యాకేజీలో అసలు కోడ్‌లో లేనిదేదో ఉన్నట్టుందని, అతని ప్యాచ్‌లన్నీ పక్కన పెట్టాలని. రెండు చెక్‌సమ్‌లూ కింద అతికించాను. గంటలోపే ఐదారుగురు నన్ను మెచ్చుకుంటూ రాశారు.

అతని నుంచి ఒక్క వాక్యం వచ్చింది. రెండు ప్యాకేజీలనూ విప్పి పక్కపక్కన పెట్టి చూశారా, అని.

నేను చూడలేదు. చెక్‌సమ్ కలవకపోవడంతోనే సరిపెట్టుకున్నాను. మర్నాడు రెంటినీ విప్పాను. లోపలి ఫైళ్ళన్నీ ఒక్కటే. ఒక్క చుక్క తేడా లేదు. తేడా వాటిని లోపల సర్దిన వరుసలో ఉంది. అతని దాంట్లో ఇంగ్లిష్ పెద్దక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ ముందు, చిన్నక్షరాలవి తర్వాత. నా దాంట్లో రెండూ కలిసిపోయి ఉన్నాయి. కారణం వెతికితే నా దగ్గరే తేలింది. ల్యాబ్ యంత్రాలన్నిటికీ భాష తెలుగు అని పెట్టింది నేనే. భాష మారితే పేర్లను వరసలో పెట్టే పద్ధతీ మారుతుంది. ఆ సంగతి పట్టించుకోకుండా ప్యాకేజీ కట్టే కమాండ్ల వరసను, అదే స్క్రిప్టును, రాసిందీ నేనే. ఆ ఒక్క వరుస సరిచేసి మళ్ళీ కడితే, రెండు చెక్‌సమ్‌లూ కలిశాయి.

ల్యాబ్‌లో ఫ్యాన్ కింద కూర్చుని ఆ రెండు అంకెల వరసలను చాలాసేపు చూశాను. తప్పు నాదేనని లిస్టులో రాశాను. ఈసారి మెచ్చుకుంటూ ఎవరూ రాయలేదు. అతనికి విడిగా క్షమాపణ పంపాను. ఐదు రోజులు ఏమీ రాలేదు. ఆరో రోజు చిన్న ఉత్తరం వచ్చింది. శనివారం మధ్యాహ్నం రెండింటి తర్వాత ధర్మసాగర్ దాటాక ఫలానా ఊళ్ళో ఉన్న దవాఖానకు రండి, కాలేజీ గుర్తింపు కార్డు తెచ్చుకోండి, అని.

మా కాలేజీ నుంచి బస్సులో గంట కూడా పట్టని చోటు. నేను షిఫ్టుల ఆఫీసు ఏదో ఊహించుకున్న మనిషి అక్కడ ఉన్నాడా? నేను కాలేజీలో పనిచేస్తానని అతనికెలా తెలుసు? సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. వెళ్ళేముందు ప్రిన్సిపాల్ గారికి ఊరూ సమయం చెప్పి ఉంచాను. ఆయన ఎందుకని అడగలేదు. “ఫోన్ బంద్ చెయ్యకు. జర పైలం” అన్నారు.

అది చర్చి సిస్టర్లు నడిపే చిన్న దవాఖాన. వరండాలో ఇద్దరు ముగ్గురు రోగులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. యాభై దాటిన సిస్టర్ ఒకామె, తెల్లచీర, మెడలో సన్నటి సిలువ, గేటు దగ్గరికి ఎదురొచ్చింది. నమస్తే చెప్పేలోపే చెయ్యి చాపింది.

“కార్డు చూపియ్యి బిడ్డా.”

కార్డును ఒకవైపు చూసి, తిప్పి రెండోవైపూ చూసి, ఫోటోను నా ముఖంతో పోల్చి, అప్పుడు లోపలికి రమ్మంది. ఆమే ఆ పక్షి పేరు మనిషి అని నాకు కుర్చీలో కూర్చున్నాక గానీ బుర్రకెక్కలేదు.

ఆమె కథ తక్కువ మాటల్లో చెప్పింది. సిస్టర్ కాకముందు హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ప్రోగ్రామర్‌గా పనిచేసిందట. దవాఖానలో రోగుల వివరాలన్నీ నాలుగు పాత కంప్యూటర్లలో ఉన్నాయి. వాటి మీద నడిచేది మా ల్యాబ్‌లోని చిన్న సిస్టమే. నేను కాజీపేటలో ఒక కాలేజీలో ఈ పని గురించి గంటసేపు మాట్లాడిన రోజు ఆమె వెనక వరుసలో కూర్చుని విన్నదట. నా ఉద్యోగం అలా తెలిసింది. ఊరు ఎందుకు చెప్పలేదని అడిగితే, రోగుల వివరాలు ఏ యంత్రాల్లో ఉన్నాయో నలుగురికీ చాటమంటావా అంది. నా నోట్‌బుక్ సంగతి చెప్పేశాను. పొద్దున ప్రార్థనకూ దవాఖాన తెరవడానికీ మధ్య దొరికేది ఆ గంటన్నరేనని, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకో గంటని చెప్పి నవ్వింది. “ఆదివారం చర్చిల పూజ ఉంటది కద.”

తర్వాత బీరువా తెరిచి ఒక కాగితాల కట్ట తీసింది. అవి నా మార్పులు. నేను రాసిన ప్రతి వరుసనూ ప్రింటు తీసి, పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టింది. కొన్ని చోట్ల రెండేసి టిక్కులు. ఒక్క వరుస చుట్టూ మాత్రం గుండ్రంగా గీత.

“ఈ లైను ఎందుకు రాసినవ్?”

చూశాను. పని కోసం ఒక తాత్కాలిక ఫోల్డర్ తయారు చేసి, పనయ్యాక దాంట్లోవన్నీ తుడిచేసే వరుస. లినక్స్‌లో ఎప్పుడూ రాసేదే. మామూలేగా అన్నాను. ఆమె కాగితం నా వైపు జరిపి, ఫోల్డర్ తయారు చేసే కమాండ్ మా సిస్టంలో ఆ మాటకు ఒప్పుకోదని చెప్పింది. ఒప్పుకోకపోతే ఫోల్డర్ పేరు ఖాళీగా ఉంటుంది. పేరు ఖాళీగా ఉంటే, తుడిచే కమాండ్ ఎక్కడి నుంచి తుడుస్తుంది?

యంత్రం మొదటి నుంచి. మొత్తం.

మా ల్యాబ్‌లో ఆ స్క్రిప్టు అంతదాకా ఎప్పుడూ నడవలేదు. నడిచి ఉంటే పిల్లల ప్రాజెక్టులు పోయేవి. ఇక్కడ నడిచి ఉంటే రోగుల వివరాలన్నీ పోయేవి.

“నువ్వెసొంటిదానివో నాకు తెల్వదు కద. కావాలని పెట్టినవో, తెల్వక పెట్టినవో,” అందామె. “అందుకే నా మూడో ప్యాచ్‌ల దాన్ని సక్కజేసి, ఏం జేస్తవో అని చూసిన. పదకొండు రోజులు ఆపినవ్. ఆ పదకొండు రోజులు నాకు నీ మీదనే అనుమానం.”

ఆ ప్యాచ్ నాకు గుర్తుంది. కోడ్ వరుసల్లో ఖాళీలు సరిగా లేవని వంక పెట్టి వెనక్కి పంపి, సరిచేసి మళ్ళీ పంపాక కలిపాను. దాని లోపల ఏముందో చూడలేదు. పంపింది ఎవరన్నదే చూస్తూ కూర్చున్నాను. ఆ మాట ఆమెకు చెబితే, టీ గ్లాసు నా ముందు పెట్టింది.

ఆ సంవత్సరం చివరికి మా మార్పులు అసలు వ్యవస్థలో కలిశాయి. ల్యాబ్ యంత్రాలు ఇవాళ్టికీ దాని మీదే నడుస్తున్నాయి. యూరప్ ఆయన మళ్ళీ హక్కు ఇస్తానంటే సిస్టర్ వద్దంది. ఏ మార్పు అయినా ఒకరు రాయాలి, ఇంకొకరు చదవాలి, తనకైనా సరే, అని రాసింది. అప్పటి నుంచి నాదీ ఆమె చదువుతుంది, ఆమెదీ నేను చదువుతాను. ఇప్పుడామెకు వేరే జిల్లాకు బదిలీ అయింది. ఎక్కడికని అడగలేదు. పేర్లు లేకుండా రాసుకోవడానికి ఆమె ఒప్పుకున్నాకే ఇదంతా రాస్తున్నాను.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒక్కటే. లిస్టులో ఒకసారి పడిన ఉత్తరం పోదు. ఆ పక్షి పేరు వెతికితే మొదట కనిపించేది నా ఆరోపణే. నా క్షమాపణ ఎక్కడో నాలుగో పేజీలో ఉంటుంది. పైగా ఆమె ఎవరో చెప్పకూడదు కాబట్టి, నా తప్పు ఒప్పుకోగలిగానే గానీ ఆమె ఎంత నమ్మదగ్గ మనిషో చెప్పలేకపోయాను. పోయిన నెల కొత్తగా చేరిన ఒకతను నా పాత ఉత్తరాన్ని అతికించి, ఈ మనిషి ప్యాచ్‌లు వాడొచ్చా అని లిస్టులో అడిగాడు. ఆ ఉత్తరం రాసింది నేనేనని, అది తప్పని, మనిషిని వదిలేసి ప్యాచ్‌ను వరుస వరుసగా చదవమని జవాబిచ్చాను. మర్నాడు అతను నాకు విడిగా రాశాడు. మీ ఇద్దరి ఉత్తరాల మీదా ఒకే దేశపు సమయం ఉంది, మీరిద్దరూ ఒకే ఊరివాళ్ళా, అని.