ఆకురాయి తిన్న ఇత్తడి

గడియార స్తంభం మేస్త్రి ఆ ఉదయం వీధి మలుపు దగ్గర ఆగిపోయాడు. రాత్రే మెట్లెక్కి చూసి ఉండేవాడు. గుండె చాలలేదు. "మీరెళ్లి ఎదురుగా కూర్చుంటే మాత్రం మారుతుందా, పడుకోండి" అన్న భార్య మాటను సాకుగా పట్టుకుని, కళ్లు మూయకుండానే తెల్లవార్చాడు.

మలుపు తిరిగి తలెత్తాడు. పెద్ద ముళ్ల కింద తేదీ పలకలో మార్చి ఒకటి అని ఉంది.

ఊరంతటికీ ఆ రోజు ఫిబ్రవరి ఇరవై తొమ్మిది.

ఆ గడియారం కడుపులో ఒక ఇత్తడి చక్రం ఉంది. నాలుగేళ్లకు ఒక్క చుట్టు తిరుగుతుంది. ముప్పై రోజుల నెలలకు దాని అంచున చిన్న గాడులు, ఫిబ్రవరులకు లోతైన గాడులు కోసి ఉంటాయి. రోజూ అర్ధరాత్రి పలకను ఒక తేదీ ముందుకు నెట్టే ఇనుప మీట నెలాఖరున ఆ అంచు మీద వాలుతుంది. అది ఎంత లోతుకు దిగితే అన్ని తేదీలు దాటించి పలకను ఒకటో తేదీకి తీసుకొస్తుంది. నాలుగు ఫిబ్రవరుల్లో ఒకదాని గాడి మిగతావాటికంటే వెంట్రుకవాసి తక్కువ లోతు. లీపు రోజంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంది.

పని నేర్పిన పెద్ద మేస్త్రి మొదటి రోజే ఆ గాడిని వేలితో తడిమించాడు.

"ఏడాదంటే మూడొందల అరవై అయిదు రోజులని మనం అనుకుంటాం. భూమికి ఆ లెక్క తెలీదురా. దాని చుట్టు తిరగడానికి ఇంకో పావు రోజు, అందులోనూ కాస్త తక్కువ పడుతుంది. ఆ పావును గాలికొదిలేస్తే కోతల నెల పోయి చలికాలంలో పడుతుంది. రోముని ఏలినాయన నాలుగేళ్లకో రోజు కలపండన్నాడు. కలిపారు. అది కాస్త ఎక్కువైంది. ఎక్కువై ఎక్కువై, చివరికి అక్టోబరు నాలుగున పడుకున్నవాళ్లని పదిహేనున లేపాల్సొచ్చింది."

"మధ్య రోజులేమయ్యాయి గురువుగారూ?"

"ఏమవుతాయి, కొట్టేశారు. అప్పట్నించి నూరేళ్లు నిండే ఏటికి లీపు లేదు, నాలుగొందలతో భాగం పోతే తప్ప. ఈ చక్రానికి అంత చదువు లేదు. ఆ ఏడు వచ్చినప్పుడు మనిషొచ్చి చేత్తో తొయ్యాలి."

"అప్పటికి మనముంటామా?"

"మనముండం. మన పనివాడుంటాడు."

ఆ మాట నమ్మే మేస్త్రి ఇన్నాళ్లూ ఆ మెట్లు ఎక్కాడు. నూనె వేశాడు, బరువులు ఎత్తాడు, పావురాల రెట్ట కడిగాడు.

పోయిన లీపు సంవత్సరంలో మీట ఆ గాడిలోకి పూర్తిగా దిగలేదు. ఇరవై తొమ్మిది మర్నాడు పలక మీద ఫిబ్రవరి ముప్పై వచ్చింది. జనం గుంపులుగా వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఎదురుగా చెప్పుల కొట్టతను మేస్త్రికి ముప్పయ్య అని పేరు పెట్టాడు. ఆ వారమే మేస్త్రి ఆకురాయి పట్టుకుని గాడిని కాస్త లోతు చేశాడు. చేత్తో తిప్పి చూస్తే మీట చక్కగా దిగింది. కానీ చేత్తో తిప్పితే అది మెల్లగా జారుతుంది. గడియారం తనంతట తాను తిప్పినప్పుడు దబ్బున పడుతుంది. ఆ దెబ్బకు ఎంత లోతు కావాలన్నది నాలుగేళ్లు ఆగితే తప్ప తేలదు. తేలింది. గాడి మామూలు ఫిబ్రవరి అంత లోతైపోయింది. ఆకురాయి తిన్న ఇత్తడిని ఎవరూ తిరిగి తేలేరు.

ఈ వేసవిలో మేస్త్రికి రిటైర్మెంటు. మున్సిపాలిటీ కొత్త ఆఫీసరు శీతాకాలం మొదట్లోనే తేల్చి చెప్పాడు, ఈసారి ఇరవై తొమ్మిది సరిగ్గా వస్తే మీ చోట ఇంకొకరిని వేస్తాం, రాకపోతే ముళ్లకు మోటారు బిగించి ఆ ఉద్యోగమే ఎత్తేస్తామని.

చెప్పుల కొట్టతను షట్టరు లేపాడు. "ఏం ముప్పయ్య బాబాయ్, పొద్దున్నే స్తంభానికి కాపలానా?"

"పైకి చూడు."

"ఏముంది, టైమేగా." అతను జేబులోంచి ఫోను తీశాడు. "ఎనిమిదిన్నర." ఫోను జేబులో పెట్టుకుని చెప్పులు వరుసగా సర్దుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లూ ఎత్తలేదు. మేస్త్రికి మొదట ఊపిరి తిరిగినట్టయింది. తర్వాత ఒక్కరైనా తలెత్తుతారేమోనని బస్సు వచ్చేదాకా నిలబడ్డాడు.

ఇంటికి వెళ్లి చెప్పాడు. భార్య గిన్నెలు తోముతూనే విన్నది.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే గమ్మునుండండి. ఇవాళ్టికి మీటెత్తి కట్టేస్తే రేపటికి అదే సరిపోతుందని మీరేగా అంటారు. ఆ ఆఫీసరు అడిగితే సరిగ్గానే వచ్చిందనండి."

"అబద్ధం చెప్పమంటావా?"

"ఇన్నేళ్లు దానికి ఊడిగం చేశారు. దానికోసం ఒక్క అబద్ధం ఆడలేరా? నాకోసం ఎన్ని ఆడలేదు."

దారి పొడవునా 'సరిగ్గానే వచ్చింది సార్' అన్న ఒక్క వాక్యాన్నే నోట్లో తిప్పుకుంటూ మేస్త్రి ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసరు కుర్చీ వెనక గోడకు ఆనించి ఒక అట్టపెట్టె ఉంది. మీద మోటారు బొమ్మ.

"అదా, పోయిన వారం వచ్చింది మేస్త్రి గారూ. బిగించేవాళ్లు సోమవారం వస్తారు. మీరు కాస్త దగ్గరుండి చూపించాలి."

"ఇరవై తొమ్మిది దాకా చూద్దామన్నారు సార్."

"అన్నానా?" ఆఫీసరు నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "అన్నానేమో. ఇంతకీ సరిగ్గా వచ్చిందా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. దానితో ఇప్పుడు ఏ పనీ లేదు.

"రాలేదు సార్. మార్చి ఒకటి చూపిస్తోంది."

"చూశారా మరి." ఆఫీసరు ముఖం తేలికపడింది. "నేను తొందరపడ్డానేమో అనుకుంటున్నా. మంచిదే అయింది."

"మోటారు పెట్టినా తేదీ చక్రం తిరుగుతూనే ఉంటుంది సార్. వచ్చే లీపుకి మళ్లీ ఇలాగే దూకుతుంది. ఆ రోజు మీట ఎవరు పట్టుకుంటారు?"

"ఏ మీట?"

మేస్త్రి చెప్పడం మొదలుపెట్టాడు. ఫోను మోగింది. ఆఫీసరు చేత్తోనే ఆగమని సైగ చేసి కిటికీ వైపు తిరిగాడు. మేస్త్రి కాసేపు నిలబడి, బయటికి వచ్చేశాడు.

సాయంత్రం మెట్లెక్కి మీటను పైకి లేపి తీగతో కట్టాడు. రేపు పలక, ఊరు ఒక్కటవుతాయి. వచ్చే లీపుకి పలక ఒక రోజు ముందుకు పోతుంది, ఆపై లీపుకి రెండు. ఆపేవాడు లేక అలా జారుతూనే ఉంటుంది. జారేలా చేసింది తన చెయ్యి.

రేపు పొద్దున్నే వచ్చి తీగ విప్పాలి. విప్పకపోతే తేదీ అక్కడే ఆగిపోతుంది. రాకపోయినా అడిగేవాళ్లెవరూ లేరు. మేస్త్రి బరువుల గొలుసు పక్కన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కిందికి దిగడానికి కారణమేమీ తోచలేదు.